ఇరవై మంది వెతికిన చేలో పుస్తె దొరకాలంటే: మెటల్ డిటెక్టర్ పని, మొదటి నుంచి

హన్మకొండలో నాది మోటారు వైండింగు పని. ఆదివారాలు మెటల్ డిటెక్టర్ పట్టుకుని తిరుగుతానని నలుగురికీ తెలిసినప్పటి నుంచి రెండే ప్రశ్నలు. ఒకటి: "అన్నా, కోట దగ్గర కత్తులు, ఫిరంగి గుండ్లు దొరుకుతయట గదా, మిషను కొనాల్నా?" రెండోది: "మా అమ్మ పుస్తె పత్తి చేలో పోయింది. ఊరంత వెతికినం, దొరకలే. మిషనుతోని ఎట్ల వెతకాలె?"

మొదటి దానికి జవాబు చిన్నది, కిందనే చెప్పేస్తాను. మిగతాదంతా రెండో ప్రశ్న గురించే.

ఒక మాట ముందే చెప్పుకుందాం. అందరూ వెతికేసిన చోట వస్తువు దొరకలేదంటే మిషను బలం చాలలేదనుకుంటారు. నేను చూసినంతలో అది అరుదు. వెతికిన చోటు తప్పయి ఉంటుంది, లేదా పక్కనున్న ఇనుప ముక్క దాని గొంతు నొక్కి ఉంటుంది, లేదా వెతికినాయన తొందరపడి ఉంటాడు. అందుకే ఇంకా పెద్ద మిషను కోసం అప్పు చేయకండి. కింద చెప్పిన వరుస పాటించండి.

1. అడుగు పెట్టకూడని చోట్లు

ఖిలా వరంగల్, వేయిస్తంభాల గుడి, రామప్ప కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నవి. అలాంటి కట్టడాల హద్దు నుంచి 100 మీటర్లు నిషేధిత ప్రాంతం, ఆపైన మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. అక్కడ అనుమతి లేకుండా తవ్వితే కేసు. ఎల్గందుల, రామగిరి, జగిత్యాల కోటలైనా, కోటిలింగాల లాంటి పాత దిబ్బలైనా నేను అదే లెక్కలో పెట్టుకుంటాను. "పట్టా భూమే గదా" అని ఎవరైనా తీసుకుపోతానన్నా ఆ దరిదాపులకు వెళ్లను. బాణం ములికి ఒక్కటి ఊడదీసి జేబులో వేసుకుంటే, అది ఏ పొరలో, దేని పక్కన పడి ఉందో ఇక ఎవరూ చెప్పలేరు. ఇంట్లో మిగిలేది తుప్పు ముక్క.

రెండోది అడవి. రిజర్వు ఫారెస్టులోకి మిషను పట్టుకుని పోవద్దు. ములుగు జిల్లాలో వాజేడు, వెంకటాపురం వైపు అసలే వద్దు. 2025లో కర్రెగుట్టల దగ్గర మందుపాతర పేలి పోలీసులే చనిపోయారు. మెటల్ డిటెక్టరుకు మందుపాతరకూ, నాగలి ఇనుప కర్రుకూ తేడా తెలియదు.

మూడోది మన చేలే, కానీ రాత్రిపూట. అడవి పందుల కోసం కరెంటు తీగలు, నాటు బాంబులు పెట్టేవాళ్లు ఇంకా ఉన్నారు. పగలే వెతకండి, చేను గలాయన పక్కన ఉండగా వెతకండి.

దూరం నుంచే బంగారం చూపిస్తుందని చెప్పి అమ్మే రెండు కడ్డీల "లొకేటర్లు" కూడా ఉన్నాయి. అవి పనిచేయవు. గుప్తనిధి బేరంతో ఎవరు ఫోన్ చేసినా పెట్టేయండి.

2. పోగొట్టుకున్న మనిషితో అరగంట

ఈ పనిలో సగం ఇక్కడే అయిపోతుంది. లెక్క చూడండి. గుంట అంటే 121 చదరపు గజాలు, దాదాపు 11 గజాలకు 11 గజాలు. గజం వెడల్పు పట్టీలుగా నెమ్మదిగా ఊపుకుంటూ పోతే ఒక గుంటకు ఊపుడుకే నలభై నిమిషాలు పడుతుంది. ఆగి తవ్వేది కలిపితే గంటన్నర. ఎకరానికి 40 గుంటలు, అంటే అరవై గంటలు. ఎకరమంతా ఎవరూ వెతకలేరు. నాలుగైదు గుంటలకు కుదించాలంటే మాట ఒక్కటే దారి.

పరకాల వైపు ఒక అవ్వ పత్తి చేలో నేను రెండు ఆదివారాలు దండగ చేసుకున్నాను. తప్పు నాదే. అవ్వ ఒక సాలు చూపించి "ఈడనే పోయింది బిడ్డా" అంది. నేను నమ్మి, ఆ సాలుకు అటు నాలుగు, ఇటు నాలుగు సాళ్లు జల్లెడ పట్టాను. సీసా మూతలు, మందు డబ్బా సీళ్లు తప్ప ఏమీ రాలేదు. రెండో ఆదివారం సాయంత్రం గెట్టు మీద కూర్చుని చాయ తాగుతూ అడిగాను.

"ఈడనే పోయిందని ఎట్ల తెలిసె అవ్వా?"

"ఎట్ల తెలుస్తది? ఇంటికి వోయి తానం చేస్తుంటె మెడ మీద చెయ్యి వడ్డది. తాడున్నది, పుస్తె ఒక్కటే లేదు."

"మరి ఈ సాలని ఎందుకన్నవు?"

"పొద్దుమీకి ఆఖరుకు ఏరింది గీ సాలే గదా!"

పోయినట్టు తెలిసిన చోటు వేరు, పోయిన చోటు వేరు. అప్పుడు ఆ రోజు చేసిన పనంతా మళ్లీ చేసి చూపించమన్నాను. నడుముకు ఒడి కట్టుకుంది, ఏరినట్టు వంగింది. వంగినప్పుడు పుస్తెలతాడు ఒడిలోకే వేలాడుతోంది. ఒడి నిండాక చేను మూలకు నడిచి, వేపచెట్టు కింద కుప్ప దగ్గర ముడి విప్పి రెండు చేతులతో దులిపింది. ఆ దులుపుడులో తాడు ఒడి అంచుకు చుట్టుకోవడం నా కళ్లముందే కనిపించింది. పుస్తె ఆ వేపచెట్టు కిందే దొరికింది, మూడు వేళ్ల లోతున. పత్తితో పాటు ఎనుమాముల మార్కెటుకు పోకపోవడం అవ్వ అదృష్టం.

అందుకే ఇవి అడగండి:

- వస్తువు ఒంటిమీద ఉందని గట్టిగా చెప్పగలిగిన ఆఖరు సమయం ఎప్పుడు? పోయిందని తెలిసింది ఎప్పుడు?
- ఆ రెండింటి మధ్య ఎక్కడెక్కడ వంగారు, కూర్చున్నారు, బరువు ఎత్తారు, చేతులు కడుక్కున్నారు, సద్ది తిన్నారు?
- మూట దింపిన చోటు, కాంటా పెట్టిన చోటు, బట్టలు విప్పి దులిపిన చోటు ఏవి?
- ఆ తర్వాత చేను దున్నారా? ఏ దిక్కుగా దున్నారు? నీళ్లు పారాయా?
- వెతికినవాళ్లు ఎక్కడ వెతికారు, దేనితో వెతికారు? పారలతో మట్టి ఎత్తి ఎక్కడ పోశారు?

ఆఖరి ప్రశ్న చిన్నది కాదు. ఇరవై మంది గాబరాగా వెతికితే మట్టి తారుమారవుతుంది, వస్తువు అడుక్కు తొక్కుకుపోతుంది. తీసి పక్కన పోసిన మట్టికుప్పలే ముందు చూడాల్సినవి. దున్ని ఉంటే నాగలికో కల్టివేటరుకో తగిలిన గొలుసు ఎక్కువగా సాలు వెంబడే జరుగుతుంది, అడ్డంగా జరిగేది తక్కువ. వెతికే పట్టీని దున్నిన దిక్కులో పొడిగించుకోండి.

3. నేల చూసుకోవడం

ఎర్ర చెల్కలో ఇనుప ఖనిజం ఎక్కువ. మిషను మట్టికే గుయ్యిమంటుంది. అక్కడ గ్రౌండ్ బ్యాలెన్స్ సరిచేయాలి: లోహం లేని జాగా చూసుకుని, మిషను చివర ఉండే పళ్లెం లాంటి తలను, అంటే కాయిల్‌ను నేలకు రెండంగుళాల దాకా దించుతూ, అడుగు ఎత్తు లేపుతూ, శబ్దం సమంగా అయ్యేదాకా సర్దాలి. ఆ తర్వాత సెన్సిటివిటీ (మిషను చెవి ఎంత పదునుగా ఉండాలో చెప్పే సెట్టింగు) ఒకటి రెండు గీతలు తగ్గించండి. తగ్గిస్తే లోతు పోతుందని భయపడతారు. నిజానికి చెల్కలో పూర్తిగా పెంచితే మట్టి గోలలో వస్తువు గొంతే వినపడదు.

నల్లరేగడిలో గండం వేరు. ఎండాకాలం నెర్రెలు విచ్చితే ఉంగరం వాటిలోకి జారి మూరెడు లోతుకు పోతుంది. మామూలు మిషను ఉంగరమంత వస్తువును జానెడు లోతు దాటితే చూడలేదు. అందుకే రేగడిలో పోయిన వస్తువును నెర్రెలు పడకముందే వెతకాలి. పడ్డాక వెతకాల్సి వస్తే నెర్రె అంచులు కూల్చకండి, చేతిలో పట్టుకునే కడ్డీ లాంటి చిన్న డిటెక్టరును, అంటే పిన్‌పాయింటరును నెర్రెలోకే దించి చూడండి.

వరి పొలంలో నీళ్లు తీసేసి, అడుగు దిగబడకుండా నిలిచేదాకా ఆగండి. దమ్ము చేసే ముందు వెతికితే మేలు, కేజ్ వీల్ తిరిగాక వస్తువు ఎంత లోతుకు పోయిందో ఎవరికి తెలుసు! హార్వెస్టర్ కోసిన మడిలో కొయ్యకాళ్లు కాయిల్‌ను జానెడు ఎత్తున ఆపేస్తాయి, ఆ జానెడు మీరు పోగొట్టుకున్న లోతే. కొడవలితో నేలకు కోసేయండి. పత్తిలో వీలుంటే కట్టె పీకేదాకా ఆగండి. కాయిల్ కాండానికి తగిలిన ప్రతిసారీ ఉత్త మోత వస్తుంది.

కరెంటు సంగతి నా వృత్తిది కాబట్టి ఇంకొంచెం చెప్పనివ్వండి. మీ కాయిల్ రాగి తీగ చుట్టే. తలమీద తీగలు, పక్కన ట్రాన్స్‌ఫార్మరు, నడుస్తున్న బోరు మోటారు, జేబులో ఫోను, అన్నీ దానికి వినపడతాయి. మిషను గాలిలో ఎత్తి పట్టుకున్నా గొణుగుతుంటే అది నేల గోల కాదు, కరెంటు గోల. మోటారు బంద్ చేయించండి, ఫోను గెట్టు మీద పెట్టండి, మిషనులో ఫ్రీక్వెన్సీ జరిపే సౌకర్యముంటే ఒక మెట్టు జరపండి. అప్పటికీ తగ్గకపోతే కరెంటు లేని టైమ్ చూసుకుని రండి.

4. సామాను

మిషను: గ్రౌండ్ బ్యాలెన్స్, ఏ రకం లోహమో సూచించే అంకె చూపించే తెర, ఆల్ మెటల్ మోడ్ (ఏ లోహానికైనా మోగే పద్ధతి) ఉంటే చాలు. చిన్న బంగారానికి ఎక్కువ ఫ్రీక్వెన్సీ మేలు, పెద్ద వెండికి తక్కువదైనా నడుస్తుంది. గారెట్ ఏస్ 300 పనిచేసేది 8 కిలోహెర్ట్జ్‌లో, నోక్టా సింప్లెక్స్ ప్లస్ 12లో, గారెట్ ఏటీ ప్రో 15లో. ముక్కుపుడక, కమ్మ లాంటివాటికి పన్నెండు పైన ఉన్నవాటి వైపే నా మొగ్గు. ఏస్‌లో కాయిల్ తడిసినా పర్లేదు, పైన డబ్బా తడవకూడదు.

కాయిల్: మిషనుతో వచ్చే పెద్దది పక్కన పెట్టి ఐదారంగుళాలది కొనండి. చెత్త ఎక్కువున్న, అందరూ వెతికిన చోట చిన్న కాయిల్ రెండు వస్తువులను వేరుగా వినిపిస్తుంది. కాస్త లోతు తగ్గుతుంది, తగ్గనివ్వండి.

బయలుదేరే ముందు సంచిలో ఉండాల్సినవి:

- చిన్న కాయిల్ తగిలించిన మిషను, ఇంకో జత బ్యాటరీలు, హెడ్‌ఫోను
- పిన్‌పాయింటర్
- తాపీ ఒకటి, ప్లాస్టిక్ తట్ట ఒకటి (ఇనుప గమేళా వద్దు, అదే మోగుతుంది)
- సుతిలి తాడు, వెదురు పుల్లలు (ఇనుప మేకులు పాతకండి)
- కర్రకు కట్టిన పాత స్పీకర్ అయస్కాంతం
- చెత్త వేసుకోవడానికి నడుముకు గుడ్డ సంచి
- నీళ్లు, టోపీ, ముందు భాగంలో ఇనుప రేకు లేని బూట్లు

చేతి కడియం, గడియారం, బెల్టు బకెలు ఇంట్లో పెట్టి రండి. పాముల సంగతి రైతులకు చెప్పనక్కర్లేదు. పట్నం నుంచి వచ్చేవాళ్లు మాత్రం చెప్పులతో దిగకండి.

5. ఇంటి వెనుక పది నిమిషాల పరీక్ష

దీన్ని ఎగ్గొట్టేవాళ్లే ఎక్కువ. మిషను భాష తెలియకుండా చేలోకి పోవడం దండగ.

నేల మీద ఒక బంగారు ఉంగరం పెట్టి పైన ఊపండి. అంకె, శబ్దం రాసుకోండి. దానికి బెత్తెడు దూరంలో తుప్పు పట్టిన మూడంగుళాల మేకు పెట్టి మళ్లీ ఊపండి. తర్వాత మేకును ఒక్కో అంగుళం దగ్గరకు జరుపుతూ రండి. ఒకచోట ఉంగరం శబ్దం తెగిపోతుంది, ఇంకొంచెం జరిపితే పూర్తిగా మాయమవుతుంది. ఉంగరం కళ్లముందే ఉంది, మిషను మాత్రం లేదంటోంది. మీకంటే ముందు వెతికినాయనకు జరిగింది ఇదే.

ఇప్పుడు అటు తిరిగి, మేకుకూ ఉంగరానికీ అడ్డంగా కాకుండా ఇంకో దిక్కు నుంచి ఊపండి. ఒక దిక్కున మళ్లీ చిన్నగా పలుకుతుంది. డిస్క్రిమినేషన్ (ఇనుము లాంటి చెత్తకు మిషను మోగకుండా చేసే సెట్టింగు) తీసేసి ఊపండి, చిన్న కాయిల్‌తో ఊపండి. ప్రతిసారీ ఎంత తేడా వస్తుందో చెవికి పట్టించుకోండి.

పోయిన వస్తువుకు జత ఉంటే దాన్నే నమూనాగా పెట్టుకోవాలి. కమ్మ పోతే రెండో కమ్మ అడగండి. పుస్తెలు రెండుంటాయి, పుట్టింటిదొకటి, అత్తింటిదొకటి. ఒకటి పోతే రెండోది మెడలోనే ఉంటుంది. కానీ దాన్ని తీసి ఇమ్మని అడగకండి, తిట్లు తప్పవు. ఆ అచ్చుదే కంసలి దగ్గర అరువు తెచ్చుకోండి.

ఏది ఎలా పలుకుతుందో కొంత చెబుతాను, అంకెలు మిషనును బట్టి మారతాయి:

- ముక్కుపుడక, సన్న కమ్మ: మాత్రల షీటు రేకు పలికేచోటే, ఇనుముకు కాస్త పైన.
- పుస్తె, ఉంగరం: డబ్బా మూత తెరిచే అల్యూమినియం రింగు పలికేచోట.
- మట్టెలు, పట్టీలు: వెండి కాబట్టి ఇంకా పైన, శబ్దం గట్టిగా.
- సన్న గొలుసు: అన్నింటికంటే మొండిది. మిషను మొత్తం బరువును చూడదు, ఒక్కో లంకెను విడిగా చూస్తుంది. రెండు తులాల గొలుసు కంటే మూడు గ్రాముల ఉంగరమే తేలిగ్గా మోగుతుంది. కొక్కెం, డాలరు పలుకుతాయేమో అని వినాలి.
- నల్లపూసలు: గాజు. మిషనుకు అవి లేనట్టే.

ఇప్పటి రూపాయి బిళ్లతో పరీక్ష చేయకండి, అది అయస్కాంతానికి అంటుకునే స్టీలు.

6. తాళ్లు కట్టడం

కుదించిన జాగాకు నాలుగు మూలలా వెదురు పుల్లలు పాతి, గజం వెడల్పున తాళ్లు లాగండి. "నాకు అందాజా ఉంది, తాడెందుకు" అనేవాళ్లు ప్రతి మూడడుగులకు అడుగు వదిలేస్తారు. తాడు కట్టి చూస్తే మీకే తెలుస్తుంది.

ముందు వెతికినవాళ్లు సాలు వెంబడి పోయి ఉంటే మీరు అడ్డంగా కట్టండి. వాళ్ల దిక్కున మేకు చాటున దాక్కున్నది మీ దిక్కున బయటపడొచ్చు.

తాళ్లు కట్టాక కోమటిపల్లి వైపు ఒకామె మంచి జరగాలని నాలుగు మూలలా నిమ్మకాయలు, కుంకుమ పెట్టింది. గంటలో ముప్పై మంది జమయ్యారు, గుప్తనిధి తవ్వుతున్నారని! అప్పటి నుంచి ఊరి పెద్దమనిషికి ముందే చెప్పి గానీ మిషను తీయను, నిమ్మకాయలు పెట్టనివ్వను.

7. మొదటి చుట్టు: ఇనుము ఏరడం

ఈ చుట్టులో బంగారం కోసం చూడకండి. చెత్త ఊడ్చడమే పని.

అయస్కాంతం కర్రను నేలకు ఆనించి పట్టీ పొడుగునా లాగండి. మేకులు, ముళ్లకంచె ముక్కలు, సీసా మూతలు, ఎడ్ల నాడాల మేకులు అంటుకుంటాయి. బంగారం, వెండి అంటుకోవు కాబట్టి భయం లేదు. ఎర్ర నేలలో నల్ల ఇసుక కూడా అంటుకుంటుంది, గుడ్డతో తుడుచుకుంటూ పోవాలి.

తర్వాత మిషనును ఆల్ మెటల్ మోడ్‌లో పెట్టి, పైపైన గట్టిగా మోగే ప్రతిదీ తీసేయండి. కల్టివేటర్ బోల్టులు, బైండింగ్ వైరు, పురుగుమందు డబ్బాల రేకు సీళ్లు, సర్వీసు వైరు ముక్కలు. విసుగొస్తుంది. అయినా తీసింది మళ్లీ చేలో పారేయకండి, సంచిలో వేయండి. అక్కడే పారేస్తే రెండో చుట్టులో మళ్లీ దాన్నే తవ్వుతారు. నేను తవ్వాను.

8. రెండో చుట్టు: నెమ్మది

- డిస్క్రిమినేషన్ పూర్తిగా తీసేయండి. ఇనుమును మిషను మింగేస్తే దాని పక్కనున్నదాన్ని కూడా మింగుతుంది. ఇనుము గుర్రుమననివ్వండి, మీరు వినేది ఆ గుర్రుల మధ్య వచ్చే చిన్న కూత.
- కాయిల్ నేలకు అంగుళం ఎత్తున, సమంగా. చివర్లలో పైకి లేవకూడదు. ఊయల లాగా ఊపితే పట్టీ అంచులు వదిలేసినట్టే.
- ఆ చివర నుంచి ఈ చివరకు రెండు సెకన్లు. నోట్లో "ఒకటీ, రెండూ" అనుకోండి.
- ప్రతి ఊపూ ముందటి ఊపు మీద సగం పడాలి.
- ఇరవై నిమిషాలకోసారి ఆగి నీళ్లు తాగండి. చెయ్యి అలసిపోతే కాయిల్ తెలియకుండానే పైకి లేస్తుంది.

పొడుగు పట్టీలు అయ్యాక తాళ్లు విప్పి అడ్డంగా కట్టి మళ్లీ మొత్తం తిరగండి. రెండు దిక్కులా కాకపోతే ఆ జాగా "చూశాం" అని చెప్పకండి.

ఎలాంటి శబ్దానికి ఆగాలి? గట్టిగా మోగేవన్నీ ముందువాళ్లు తవ్వేశారు. మీకు మిగిలింది సన్నగా, తెగీతెగనట్టు, ఒక దిక్కున వచ్చి ఇంకో దిక్కున పోయేదే. అలాంటిది తగిలితే దాని చుట్టూ గుండ్రంగా తిరుగుతూ నాలుగు వైపులా ఊపండి. ఏ రెండు వైపుల నుంచైనా ఒకే అంకె నిలబడితే తవ్వాల్సిందే. అంకె పది నుంచి ఎనభైకి గెంతుతుంటే చాలావరకు తుప్పు రేకో సీసా మూతో. చిన్న జాగాలో వెతుకుతున్నప్పుడు మాత్రం నేను అదీ తవ్వుతాను, అది తీశాక కింద ఏముందో చూడాలి కాబట్టి.

9. తవ్వడం

పారతో వేటు వేయకండి. పారతో రెండుగా నరికిన ఉంగరాన్ని నేను చూశాను. ముందువాళ్లు వెతుకుతూ చేసిన పని అది.

శబ్దం వచ్చిన చోట ప్లస్ గుర్తులా రెండు దిక్కుల ఊపి నడిమి చోటు పట్టుకోండి. దానికి బెత్తెడు ఎడంగా తాపీ దించి, మట్టిగడ్డను మొత్తంగా లేపి ప్లాస్టిక్ తట్టలో వేయండి. ముందు గుంతలో పిన్‌పాయింటర్ పెట్టండి, తర్వాత తట్టలో పెట్టండి. ఎందులో మోగితే అందులోనే ఉంది. తట్టలో ఉంటే మట్టిని పిడికెడు పిడికెడు తీసి పిన్‌పాయింటర్ ముందు ఆడించండి.

వస్తువు తీశాక ఊరుకోకండి. గుంత మీద మళ్లీ కాయిల్ ఊపండి. మేకు తీసిన గుంతలోనే రెండో వస్తువు దొరకడం ఈ పనిలో మామూలు సంగతి. ఏమీ లేదని తేలాకే మట్టి పోసి, కాలితో తొక్కి, ముందటి లాగే చేయండి. కాలువ గట్టు, మడి గట్టు తవ్వితే మరీ గట్టిగా తొక్కండి, మర్నాడు నీళ్లు కొట్టుకుపోతే ఆ ఊళ్లో మళ్లీ అడుగు పెట్టలేరు.

10. అయినా దొరకకపోతే

*మిషను ఎక్కడ పెట్టినా మోగుతోంది:* సెన్సిటివిటీ ఎక్కువైంది, లేదా కరెంటు గోల. మూడో భాగం మళ్లీ చదవండి.

*ఎక్కడా ఏమీ మోగడం లేదు:* ఇది మంచి గుర్తు కాదు. చేలో చెత్తే లేకపోవడం ఉండదు. డిస్క్రిమినేషన్ మీద ఉన్నారేమో చూడండి. నమూనా ఉంగరాన్ని నాలుగంగుళాల లోతున పూడ్చి పైన ఊపండి. అది వినపడకపోతే నేల సర్దుబాటు తప్పు. పరీక్ష అయ్యాక ఆ ఉంగరం తీయడం మరిచిపోకండి! నవ్వకండి, జరిగింది.

*శబ్దం వచ్చింది, తవ్వితే పోయింది:* సన్న వస్తువు పక్కకు తిరిగి నిలబడి ఉంటుంది, లేదా తీసిన మట్టిలోకి పోయి ఉంటుంది. మట్టి మొత్తం పలచగా పరిచి ఊపండి.

*అంతా చూశాం, దొరకలేదు:* రెండో భాగానికి పోండి. ఆ మనిషితో మళ్లీ కూర్చోండి, ఈసారి ఇంట్లో మిగతావాళ్లను కూడా అడగండి. పత్తి సంచులు, గడ్డివాము, ట్రాలీ అడుగు, స్నానాల గది తూము చూశారా? బతుకమ్మ నాడు చెరువు మెట్ల దగ్గర పోయిందన్న ఉంగరం పిండి డబ్బాలో దొరికిన ఇల్లు నాకు తెలుసు.

11. పాతది ఏదైనా బయటపడితే

చేలో అప్పుడప్పుడు మీరు వెతకనివి వస్తాయి. ఒక్కోదానికి ఒక్కో పద్ధతి.

పాత నాణేలు, కుండ, నగలు: చెయ్యి ఆపండి, ఇంకా తవ్వకండి. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ (గుప్తనిధుల) చట్టం ఇప్పటికీ ఉంది. భూమిలో దాగి ఉన్న, పది రూపాయలు మించిన విలువైన వస్తువు ఏది దొరికినా కలెక్టరుకు రాతపూర్వకంగా చెప్పాలి: ఏం దొరికింది, సుమారు ఎంత విలువ, ఎక్కడ, ఏ రోజు. దాచిపెడితే ఏడాది దాకా జైలు, వాటా కూడా పోతుంది. ఉన్నది ఉన్నచోటే ఫోటో తీసి, తహసీల్దారు ఆఫీసులో కలెక్టరు పేర కాగితం ఇచ్చి, ముద్ర వేయించుకున్న నకలు దగ్గర పెట్టుకోండి. వంద ఏళ్లు దాటిన వస్తువులకు 1972 నాటి పురావస్తువుల చట్టం కూడా వర్తిస్తుంది, అమ్ముకుందామని కంసలి దగ్గరికి పోకండి.

కత్తి ముక్క, ఈటె మొన, సీసపు గుండు: ఇవీ పాతవే, ఇదే పద్ధతి. నీళ్లతో కడగడం, ఇసుక కాగితంతో రుద్దడం వద్దు. తుప్పు పొరలోనే దాని అసలు ఆకారం ఉంటుంది.

తూటా, గుండ్రటి ఇనుప గుండు, డబ్బాకు తీగలు చుట్టి ఉన్నది ఏదైనా: ముట్టుకోకండి. తిప్పి చూడకండి, ఫోటో కోసం దగ్గరికి వంగకండి. వచ్చిన అడుగుల్లోనే వెనక్కి పోండి, అందరినీ దూరం పంపి 112కు ఫోన్ చేయండి. వట్టి తూటా గుల్ల అనిపించినా సరే, అది చెప్పాల్సింది పోలీసులు.

వెతుకుతున్నది కాక ఇంకొకరి నగ దొరికితే అదీ మనది కాదు. చేను గలాయనకు అప్పగించి, ఊళ్లో చెప్పించండి.

12. ఇచ్చేటప్పుడు

కూలి మాట ముందే అనుకోండి, దొరికాక బేరం పెడితే చూసేవాళ్లకు కూడా బాగుండదు. వస్తువు కనపడగానే మీరు తీయకండి. ఇంటివాళ్లను పిలిచి, మట్టిలో ఉండగానే చూపించి, వాళ్ల చేత్తోనే తీయించండి. తూకం గురించి తర్వాత ఒక్క మాట రాకుండా ఉంటుంది.

వేపచెట్టు కింద అవ్వ కూడా తనే తీసుకుంది. మట్టి తుడవలేదు, కొంగు చివర ముడి వేసుకుంది. మేమంతా చూస్తుండగా మళ్లీ ఆ ముడి విప్పి, ఉందో లేదో చూసుకుని, ఇంకో ముడి వేసింది. "ఇంటికి వోయేదాకా మిషను కట్టెయ్యకు బిడ్డా" అంది.